సముద్రం మీద వారశూల

దూర ప్రయాణం అనుకోగానే మీరు మొదట దేన్ని చూస్తారు, బండి వేళనా, పంచాంగాన్నా? మొహమాటం లేకుండా చెప్పండి. మొన్న నంద్యాలలో మా మనవరాలు ఫోన్ ముందేసుకుని అండమాన్ ప్రయాణం కుదురుస్తోంది. ఏ దీవిలో ఎన్ని రోజులు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి పడవ, అన్నీ అందులోనే ఉన్నాయి. పంచాంగం కూడా అందులోనే ఉంది. "బుధవారం ఉత్తరానికి ఎట్లా పోతారు?" అని ఇంట్లో ఒక గొంతు లేచింది. నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. ఆ ప్రశ్న మా ఇంట్లో ఇదివరకే ఒకసారి సముద్రం దాకా వెళ్లింది మరి.

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, మేము ఆళ్లగడ్డలో తాతయ్య ఇంట్లో ఉండేవాళ్లం. మా మేనత్త నంద్యాల బడిలో భూగోళం చెప్పేది. ఆమెతో చదువుకున్న స్నేహితురాలు అండమాన్‌లో నర్సు. రమ్మని జాబు రాస్తూ, ఏ దీవికి ఏ వారం పడవ ఉందో కూడా రాసింది. దీవి అంటే ఏమిటో ఏళ్ల తరబడి నల్లబల్ల మీద సుద్దతో గీసి చూపించిన మా అత్తకు, ఒక్కసారైనా నిజం దీవి మీద నిలబడాలని కోరిక. ఆ వేసవి సెలవుల్లో నన్ను వెంటబెట్టుకుని పోవాలనుకుంది. బడి తెరిచేలోగా తిరిగి రావాలి. అంతకంటే ముందు తాతయ్య సరేననాలి. ఆయన్ను కాదని వెళ్లే ధైర్యం ఆమెకు లేకపోలేదు. బాధపెట్టి వెళ్లడమే ఇష్టం లేదు.

తాతయ్యకు వారశూల పట్టింపు. ఒక్కో వారం ఒక్కో దిక్కుకు ప్రయాణం పనికిరాదనే నమ్మకం అది. మంగళ, బుధవారాల్లో ఉత్తరానికి పోకూడదు కాబట్టి, ఆ రెండు రోజులూ ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు ఆయన పాలిట బస్సులే లేవు. తప్పనిసరైతే ప్రస్థానం పెట్టేవాడు. అంటే, ముందురోజే తువ్వాల్లో పిడికెడు బియ్యం మూటగట్టి, పోవలసిన దిక్కున ఎవరింట్లోనో ఉంచడం. మూట బయల్దేరింది గనుక మనిషీ బయల్దేరినట్టే. మర్నాడు ఆ మూట తీసుకుని నిశ్చింతగా పోయేవాడు. పిడికెడు బియ్యంతో మోసపోయే దిక్కులను చూసి ఇంత భయమెందుకని ఆయన్ను ఎవరూ అడగలేదు.

మా అత్త కూడా అడగలేదు. వరండాలో పరచడానికి బేతంచెర్ల నుంచి తెప్పించిన బండలు పెరట్లో ఉంటే, వాటిలో మూడింటిని ఎడమెడంగా వేయించింది. పడమటి బండ ఓడ దిగే రేవు. తూర్పుది రెండో దీవి. దానికి ఉత్తరాన ఉన్నది మూడో దీవి. స్నేహితురాలి జాబు తాతయ్య చేతికిచ్చింది.

"నాయనా, పడవల వారాలు ఇందులో ఉండాయి. నువ్వే కుదుర్చు. నువ్వు ఎట్ల చెప్తే అట్ల పోతాం. పాపే మా పడవ."

తాతయ్య హుషారుగా పంచాంగం తెచ్చుకుని మంచం మీద కూర్చున్నాడు. మద్రాసు పోవాలంటే ముందు కడప బస్సెక్కాలి. ఓడ శుక్రవారం గనుక గురువారమే బయల్దేరాలి. గురువారం దక్షిణానికి శూల. "ఓస్, ఇంతేనా? బుధవారం మూట దక్షిణపు వీధి దర్జీ ఇంట్లో పెడ్తే సరి" అన్నాడు. శుక్రవారం తూర్పుకు దోషం లేదు, ఓడ కుదిరింది. రేవు నుంచి రెండో దీవికి సోమవారం, గురువారం పడవ. సోమవారం తూర్పు పనికిరాదు, గురువారం మంచిది. "దుంకు పాపా" అన్నాడు. ఆటకని కట్టిన మూట చంకన పెట్టుకుని, పడమటి బండ మీంచి తూర్పు బండ మీదికి దూకాను.

అక్కడ చిక్కొచ్చింది. మూడో దీవికి పడవ బుధవారం మాత్రమే. పోవలసింది ఉత్తరానికి.

"మూట పెడ్దాం" అన్నాడు తాతయ్య.

"యాడ పెడ్తావ్ నాయనా? ఆడ ఉండేదంతా సముద్రం. చేపలింట్లో పెడ్తావా?"

వంటింట్లోంచి అవ్వ పకపకా నవ్వింది. "పెట్టనీలే, బియ్యమన్నా నానుతాయి."

తాతయ్య వంటింటి వైపు ఉరిమి చూసి, "మూడోది వద్దులే. ఎనక్కి రేవుకే రానీ" అన్నాడు. రేవుకు పడవ శుక్రవారం, ఆదివారం. రెండు రోజులూ పడమటికి శూలే. మళ్లీ జాబు చదివాడు, వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. పొద్దున నీడలో ఉన్న బండల మీదికి ఈలోగా ఎండ వచ్చేసింది. చెప్పుల్లేని నేను ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడ్డాను. దిగమని పడవకు ఎవరూ చెప్పలేదు కదా.

"తాతా, కాళ్లు కాల్తాండాయి. యా పక్క పోవాల్ల?"

పంచాంగం ఒళ్లోంచి జారిపడినా చూసుకోకుండా తాతయ్య పరుగెత్తుకొచ్చాడు. నన్ను ఎత్తుకుని వరండాలో దింపి, నా అరికాళ్ల మీద చెంబుతో నీళ్లు పోశాడు. "బుద్ధుందా మ్మే నీకు? బిడ్డను ఎండలో నిలబెట్టి ఆటలాడ్తాండావా?" అని అత్త మీద విరుచుకుపడ్డాడు.

"తప్పే నాయనా" అంది అత్త. చెంబు అందుకుంటూ మెల్లగా అడిగింది. "పాపనెత్తుకొచ్చేటప్పుడు అది ఏ దిక్కో చూసినావా?"

తాతయ్య కిందపడిన పంచాంగం తీసి దుమ్ము దులిపాడు. "అంత నీళ్లల్లోకి పంపిస్తాండా. నాకు ఈత రాదు, ఓడ తెలీదు. ఈ పంచాంగం తప్ప నా చేతిలో ఏముందమ్మా?" అన్నాడు.

పెద్దయ్యాక నేను ఎన్నో వేదికల మీద మూఢనమ్మకాలపై వాదించాను. ఎదుటివాళ్ల నోళ్లు మూయించాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఒక్కరి చేతనైనా ఇంత నిజం చెప్పించలేకపోయాను. వారశూల అబద్ధం. దిక్కులకు వారాలు తెలియవు, సముద్రం ఎవరి పంచాంగమూ చదవదు. ఈ మాటలో నాకు రాజీ లేదు. కానీ ఆ అబద్ధం చాటున తాతయ్య దాచుకున్న భయం అచ్చమైన నిజం.

మా అత్త దాన్నే పట్టుకుంది. "నీకు గాలి తెల్సు, మబ్బు తెల్సు. దేనికి భయమైతాందో చెప్పు నాయనా, రాసుకుంటా" అంది. తాతయ్య చెప్పుకుంటూ పోయాడు. నెలాఖరుకు గాలి తిరుగుతుంది, పడవ రాకపోతే ఎట్లా? తిరుగు ఓడకు ముందు మూడు రోజులు ఖాళీగా ఉంచుకోండి. తాగే నీళ్లు యాడ దొరుకుతాయి? పాపకు వాంతులైతే ఏం చేస్తావ్? అత్త అన్నీ రాసుకుంది. ఆ మూడు రోజుల కోసం మూడో దీవిని తన చేత్తోనే కొట్టేసింది.

గురువారం పొద్దున ట్రంకు పెట్టెను కడప బస్సు దాకా తాతయ్యే మోశాడు. ముందురోజు దర్జీ ఇంట్లో మూట పెట్టాడో లేదో నేనడగలేదు. ఎండబెట్టిన ఉప్పు నిమ్మచెక్కల పొట్లం మాత్రం నా చేతిలో పెట్టాడు.

రెండో దీవిలో ఉండగా గాలి నిజంగానే తిరిగింది. శుక్రవారం రావలసిన పడవ ఆదివారం గాని రాలేదు. ఓడ తప్పిపోతుందని తోటివాళ్లు ఒడ్డున అల్లాడుతుంటే, మా అత్త ఇసుకలో కాళ్లు చాపుకుని "మీ తాత ఇచ్చిన రోజులు తింటాండాం" అని నవ్వింది. ఓడ అందింది. బడి తెరిచేనాటికి ఆమె నంద్యాలలో ఉంది.

తాతయ్య చివరిదాకా ఏటా పంచాంగం కొన్నాడు. అయితే ఎవరు ఊరికి పోతామన్నా ముందుగా "బండి ఎప్పుడుంది?" అని అడగడం అలవాటు చేసుకున్నాడు. చిన్న గెలుపే, నాకు చాలు. ఆనాటి నుంచి నేను భయపడే మనిషిని వెక్కిరించలేదు. ఆ భయానికి ఒక పని అప్పజెప్పడం నేర్చుకున్నాను.

ఇక మీ వంతు. వారం బాగాలేదని ఇంట్లో ఎవరైనా మీ ప్రయాణానికి అడ్డుపడితే నవ్వకండి, తల వంచి ఆగిపోనూ వద్దు. కాగితం తీసుకుని వాళ్ల పక్కన కూర్చోండి. దేనికి భయమో అడగండి. చెప్పినవన్నీ రాయండి, రాసిన ప్రతిదానికీ ఒక ఏర్పాటు చేయండి. ఆ తర్వాత ఏ వారమైనా సరే, టికెట్ కొనండి.