టిప్పు తెర

ఆసుపత్రి ఎదురు వీధిలో నురగక్క అంటే తెలియనివాళ్ళు లేరు. పదకొండేళ్ళుగా అదే కాఫీ షాపు, అదే మిషను. పాల మీద ఆవిడలా నురగ తేలగొట్టడం మరొకరికి చేతకాదని పనివాళ్ళే ఆ పేరు పెట్టారు.

మొదట్లో కౌంటరు మీద ఒక గాజు సీసా ఉండేది. వేసేవాళ్ళు టిప్పు వేసేవారు, లేనివాళ్ళు లేదు. ఎవరి చెయ్యి సీసా వైపు వెళ్ళిందో, ఎవరిది వెళ్ళలేదో చూడడం మర్యాద కాదని, కప్పు అందించగానే నురగక్క వెనక్కి తిరిగి మిషను గొట్టం తుడుస్తూ నిలబడేది. ఆ గొట్టం అంతకుముందే తళతళలాడుతుండేది.

ఈమధ్య ఓనరు సీసా తీసేసి, టిప్పు కోసం వేలితో నొక్కే తెర పెట్టాడు. బిల్లు కొట్టగానే దాన్ని గిరాకీ వైపు తిప్పాలి. పది శాతం, పదిహేను, ఇరవై అని అరచేతులంత మీటలు. సున్నా మాత్రం అడుగున ఎక్కడో చీమ తలకాయంత. పార్సిలు పట్టుకెళ్ళేవాడికీ అదే శిక్ష. కుర్చీలో కూర్చున్నాడా, కప్పు కడిగించాడా? మూత బిగించి చేతికిచ్చినందుకు కూడా టిప్పేనా! నురగక్కకి ఒళ్ళు మండిపోయేది. అందులో తనకీ వాటా ఉందంటే మరీ రోత పుట్టేది.

తెర తిప్పి, పాత అలవాటు కొద్దీ గొట్టం తుడుచుకునేది. ఓనరు అది కెమెరాలో చూశాడు.

“ఏమ్మా, నువ్వు అటు తిరిగితే ఎవడు నొక్కుతాడు? మొహంలోకి చూస్తూ నిలబడు. అడగందే అమ్మైనా పెట్టదు.”

“అమ్మ పీక మీద కూర్చుని ఎవరూ అడగరు సార్.”

“నీవల్ల కాకపోతే చెప్పు. ఇంకొకళ్ళని పెట్టుకుంటా.”

ఇంటద్దె, పిల్ల చదువు, నడుం పడిపోయిన మొగుడి మందులు అన్నీ ఆ కౌంటరు మీదే నడుస్తున్నాయి. గొట్టం తుడిచే గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

మర్నాడు ఓనరు పక్కనే కాపలా ఉండగా వాచ్‌మన్ బాబాయ్ వచ్చాడు. ఆసుపత్రి గేటు దగ్గర పని ఆయనది. రోజూ రెండు కాఫీలు పార్సిలు: ఒకటి తనకి, ఒకటి లోపల మంచం మీదున్న భార్యకి. నురగక్క తెర తిప్పి ఆయన మొహంలోకి చూసింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని తెరంతా వెతికాడు. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. ఆయన ఒక్కసారి ఆవిడ కళ్ళలోకి చూసి, ఇరవై నొక్కాడు.

“ఏమనుకోకు తల్లీ, ఆలస్యం చేశాను,” అన్నాడు.

తప్పు తనదైనట్టు!

“చూశావా, ఎంత తేలికో!” అన్నాడు ఓనరు.

ఆ తరవాత బాబాయ్ రాలేదు. నాలుగో రోజు చెత్త పారెయ్యడానికి బయటికి వెళ్తే, ఎదురుగా బల్ల మీద కూర్చుని ఫ్లాస్కు మూత తిప్పుతూ కనిపించాడు.

“ఏం బాబాయ్, రావడం మానేశావే?”

“సున్నా నొక్కి నీ మొహం ఎలా చూడనమ్మా? ఆ గొడవెందుకని ఇంటి నుంచే తెచ్చుకుంటున్నా. ఇదిగో, నువ్వూ తాగు.”

నీళ్ళ కాఫీ. నురగ పేరుకైనా లేదు. నిలబడే మూతెడు తాగేసి లోపలికి వచ్చింది.

తరవాతి గిరాకీకి తెర తిప్పలేదు. తానే సున్నా నొక్కి కప్పు అందించింది. ఆ వెనక మనిషికీ అంతే. గొట్టం జోలికి వెళ్ళలేదు. తలెత్తి, ఓనరు నేర్పినట్టే రెప్ప వాల్చకుండా, కెమెరా మొహంలోకి చూస్తూ నిలబడింది.

కౌంటరు మీద ఫోను మోగింది.