నేను ఎత్తని పేరు

ఒక పేరు ఏళ్ళ తరబడి నా గొంతులో అడ్డంపడి ఉంది. పెళ్ళిపందిట్లో మైకు లేకపోయినా చివరి వరసకి వినిపించే గొంతు నాదని అంటారు. ఆ గొంతుతోనే ఒక ముసలాయనకి తనవాళ్ళు లేకుండా చేశాను. ఈ సంగతి మా ఆవిడకి కూడా తెలియదు. ఎన్నోసార్లు చెప్పబోయి మానేశాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి.

మాది వంశాలు చదివే ఇల్లు. అమలాపురం, రాజోలు చుట్టుపక్కల కొన్ని పాత ఇళ్ళలో పెళ్ళి జరిగితే, తలంబ్రాలయ్యాక మేము నిలబడి వాళ్ళ మూలపురుషుడి దగ్గర్నుంచి పేర్లన్నీ రాగం తీసి చదువుతాం. కాగితం ఉండదు. మా తాత మా నాన్నకి, మా నాన్న నాకు నోటితో నేర్పిందే. వంశంలో ఒక్కో కొమ్మకి మొదటివాడి పేరు రాగానే ఆగి ఊపిరి తీసుకుంటాం. అప్పుడు ఆ కొమ్మకి పెద్దవాడెవరో లేచి నిలబడి వధూవరుల మీద అక్షింతలు వేస్తాడు. అలా లేచినవాళ్ళంతా జ్ఞాతులు. ఒకరు పోతే మిగతావాళ్ళకి మైల పడుతుంది, ఒకరి పాడె మిగతావాళ్ళు మొయ్యాలి. ఎవరికైనా అనుమానం వస్తే మమ్మల్నే అడుగుతారు.

మలికిపురం వైపు ఒక పెద్దింటివాళ్ళకి మూలపురుషుడు వీరపదొర. సుల్తానుల కాలంలో గోదావరి పాయ ఒడ్డున మట్టికోట కట్టుకుని చుట్టూ ఉన్న లంకల్ని ఏలినవాడు. సుల్తాను సేన మీదికొస్తే నిలబడే బలం లేక సంధి చేసుకున్నాడు. మాట తప్పనన్నదానికి జామీనుగా రెండో కొడుకు తిప్పమదొరని వాళ్ళకి అప్పగించాడు. ఆ పిల్లవాడు అక్కడే పెరిగాడు. వాళ్ళ మతం పుచ్చుకున్నాడు, వాళ్ళ గుర్రమెక్కి వాళ్ళ యుద్ధాలు చేశాడు. ఏళ్ళ తర్వాత తిరిగొస్తే, అన్న అన్నమదొర కోట తలుపులు మూయించాడు. వీరపదొరకి అప్పటికి చూపు పోయింది. గోడ తడుముకుంటూ వెళ్ళి గడియ తానే తీసి, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని ఒకే విస్తట్లో తిన్నాడు. వీణ్ణి పంపింది నేను, వీడు తనంతట తాను పోలేదు అన్నాడట. ఆనాటి నుంచి తిప్పమదొర మళ్ళీ ఆ ఇంటివాడే. ఈ ఘట్టం దగ్గరికి వచ్చేసరికి మా నాన్న గొంతు ఎప్పుడూ జీరబోయేది.

తిప్పమదొర కొమ్మలో చివరికి మిగిలింది సుబ్బరాజు గారొక్కరే. ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువులకి కాపలా ఉండేవారు. భార్య పోయింది. ఒక్కతే కూతురు, నాగమణి. పెద్దింట్లో పెళ్ళంటే చాలు, పిలుపు అందినా అందకపోయినా ఉతికిన పంచె కట్టుకుని వచ్చి వెనక వరసలో కూర్చునేవారు. తిప్పమదొర పేరు రాగానే ఆయన లేచి నిలబడే తీరు చూడాలి. ఆ కాసేపూ ఆయన చెరువు కాపలా మనిషిలా ఉండేవారు కాదు.

మా నాన్న చనిపోయిన ఏడాది, పెద్దింటి పెదబాబుగారు కూతురి పెళ్ళికి ముందురోజే నన్ను పిలిపించారు. కుర్చీ వేయించారు. మా నాన్న ఆ ఇంట్లో ఏనాడూ చాప దాటి కూర్చోలేదు. వియ్యాలవారికి ఆచారం ఎక్కువట. మతం మారినవాడి కథ వాళ్ళ ముందు బాగుండదట. ఆ కొమ్మ ఈసారికి వదిలెయ్యమన్నారు. బెదిరించలేదు, ఆశపెట్టలేదు, మామూలుగానే చెప్పారు. అలాగేనండి అనేశాను. ఒక్క క్షణమైనా ఆలోచించానా? లేదు. కుర్చీ అంత బాగుంది మరి! ఛీ, నా బతుకు.

మర్నాడు చదివాను. అన్నమదొర దగ్గర ఆగాను. ఆ తర్వాత ఆగకుండా మూడో కొడుకు పేరెత్తుకున్నాను. సుబ్బరాజు గారు అప్పటికే సగం లేచారు, గుప్పిట్లో అక్షింతలతో. కూర్చోవాలో నిలబడాలో తెలియక ముందున్న కుర్చీ పట్టుకుని అలాగే ఉండిపోయారు. చూశాను. చూస్తూనే చదివాను.

భోజనాలయ్యాక, చేతులు కడుక్కునే చోట నా దగ్గరికి వచ్చారు. కోపంగా లేరు. నాకే ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు పాపం.

"ఏవండీ భట్టుగారూ, మా తిప్పమదొరని మర్చిపోయేరాండీ?"

మర్చిపోయానంటే సరిపోయేది. మరుసటి పెళ్ళిలో చదివి దిద్దుకునేవాణ్ణి. కానీ పక్కనే వియ్యాలవారి మనుషులు. పైగా నేను మర్చిపోయేవాణ్ణా అన్న పొగరు.

"మా నాన్నగారు పోయేముందు చెప్పేరండీ. ఆ పేరు మధ్యలో ఎవరో కలిపిందేనటండీ. తీసెయ్యమన్నారు."

ఆయన నా మొహంలోకి చూశారు. నేను తల తిప్పుకున్నాను.

"నాన్నగారే చెప్పేరాండీ? ఆయ్... అయితే ఇన్నాళ్ళూ మాదే పొరపాటండీ."

అంతే అన్నారు. వెయ్యని అక్షింతల్ని కండువా చివర మూట కట్టుకుని వెళ్ళిపోయారు.

ఆయన నమ్మారు. నాకు నిద్రపట్టనిది అందుకే. తిట్టి ఉంటే, నలుగుర్నీ పిలిచి నిలదీసి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. ఆయన మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. పెదబాబుగారు పోయినప్పుడు మైల కూడా పట్టలేదు. తనకి ఆ హక్కు లేదనుకున్నారు.

కొన్నాళ్ళకి సుబ్బరాజు గారూ పోయారు. ఆ ఉదయం పెదబాబుగారి అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. సుబ్బరాజు గారు మా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చేవారు కదండీ, మాకేమైనా అవుతారా, అవుతారంటే అన్నదమ్ములమందరం ఇప్పుడే బయల్దేరతాం అని అడిగాడు. వద్దన్న పెదబాబుగారు అప్పటికి లేనేలేరు. మరి ఎవరికి భయపడ్డాను? అవుతారంటే, ఇన్నేళ్ళూ ఆ పేరు ఎందుకు చదవలేదని అడుగుతారు. ఏమీ కారండీ అన్నాను. కుర్చీ చూసి మొదటిసారి తప్పు చేశాననుకుందాం. రెండోసారి నా ఇంట్లో, నా మంచం మీద కూర్చుని చేశాను.

అల్లుడు కువైట్‌లో ఉన్నాడు, సెలవు దొరకలేదు. పాడె చెరువుల్లో పనిచేసేవాళ్ళు మోశారు. కుండ భుజాన పెట్టుకుని నాగమణే చితి చుట్టూ తిరిగింది. జ్ఞాతి అనేవాడు ఒక్కడూ లేడా అని ఎవరో గొణిగారు. నేను కాలవగట్టు మీద అందరి వెనకా నిలబడి విన్నాను. కూతురు తలకొరివి పెట్టడం తప్పని నేననను. తనకెవరూ లేరనుకుంటూ పెట్టింది చూశారా, ఆ తప్పు నాది. అంతా అయ్యాక ఆమె నన్ను గుర్తుపట్టి దణ్ణం పెట్టింది. నాన్నగారు మీ గొంతు గురించి ఎప్పుడూ చెప్పేవారండీ అంది.

క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. అడిగినా క్షమించాల్సిన మనిషి లేరు. నాగమణి ఇది చదివితే ఇకమీదట నాకు దణ్ణం పెట్టదు. పెట్టకూడదు కూడా. నా తర్వాత ఈ వరస తెలిసినవాళ్ళు లేరు. నేను నోరు మూసుకుని పోతే తిప్పమదొర నిజంగానే ఉండడు.

ఇవాళ పొద్దున మా ఆవిడ బజారుకి వెళ్ళాక వీధి తలుపు వేసి, నట్టింట్లో నిలబడి చదివాను. వీరపదొర రెండో కొడుకు తిప్పమదొర. అక్కడినుంచి ఒక్క పేరూ వదలకుండా, సుబ్బరాజు గారి దాకా. మా నాన్న నేర్పని పేరు ఒకటి చివర్న నేనే చేర్చాను, నాగమణి అని. గుండెల మీంచి ఏదో కాస్త పక్కకి జరిగినట్టయింది.

తర్వాత, ఆగాల్సిన చోట ఆగి ఊపిరి తీసుకున్నాను. ఎవరూ లేవలేదు.