కళ్ళలో ఎరుపు పోగొట్టిన రాజ్యలక్ష్మిగారు

మొన్న మా మేనకోడలి పుట్టినరోజున ఎవరో ఫోనుతో ఫోటో తీశారు. ఫ్లాష్ కళ్ళలో కొట్టగానే రెప్పల వెనక ఆకుపచ్చ మరక ఒకటి కాసేపు కదలాడింది. అది కరిగేలోపే నాకు రాజ్యలక్ష్మిగారు గుర్తొచ్చారు. పందొమ్మిది వందల డెబ్బైలలో, భర్త పోయాక, బెజవాడ గవర్నర్‌పేటలో ఆయన ఫోటో స్టూడియోను ఒంటిచేత్తో నడిపిన మనిషి. డిగ్రీ చదివి ఖాళీగా కూర్చున్న నాకు పనిచ్చి, కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆవిడే.

రంగుల ఫిల్ము అప్పుడప్పుడే పెళ్ళిళ్ళలోకి వస్తోంది. రీళ్ళు కడిగించడానికి మద్రాసు పంపేవాళ్ళం. ఒకనాడు పామర్రు నుంచి విమల అనే టీచరు వచ్చి, మేం తీసిన తన నిశ్చితార్థం ఫోటోలు బల్లమీద పెట్టింది. ప్రతిదాంట్లోనూ ఆమె కంటిపాపలు ఎర్రగా నిప్పుల్లా ఉన్నాయి.

“చిన్నప్పట్నుంచీ పిల్లికళ్ళన్నారు, పడ్డాను. ఇప్పుడు కాబోయే అత్తగారి చెల్లెలు దెయ్యం కళ్ళంటున్నారు. పెళ్ళిలో నేను తలెత్తనండీ. మిగతావాళ్ళ ఫోటోలు తీసుకోండి,” అంది.

రాజ్యలక్ష్మిగారు ఆమె గడ్డం పట్టుకుని గుమ్మంలోని ఎండవైపు తిప్పారు. తేనెరంగు కళ్ళు. “వీటిని పాడుచేసింది నా ఫ్లాషు, నువ్వు కాదమ్మా. తలెత్తే కూర్చో. పూచీ నాది.”

ఆమె వెళ్ళాక, “ఎలాగండీ?” అన్నాను.

“ఇంకా తెలీదు. కనుక్కుందాం.”

ఒక రంగుల రీలంతా నా కళ్ళమీదే ఖర్చుపెట్టారావిడ. గది చీకటి చేసి కొన్ని, దీపాలన్నీ వేసి కొన్ని; ఫ్లాష్ కెమెరా నెత్తిన పెట్టి కొన్ని, పొడుగు వైరుతో దూరంగా పట్టుకుని కొన్ని. మద్రాసు నుంచి ప్రింట్లు వచ్చిన రోజున వాటిని వరసగా పరిచి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

“చూశావా! చీకట్లో కంటిపాప విచ్చుకుంటుంది. ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటే వెలుగు కంటి లోపలి ఎరుపును తాకి, తిన్నగా లెన్సులోకే తిరిగొస్తుంది. దీపాలు పెంచి ఫ్లాషును పక్కకి జరిపితే ఇక రాదు.”

పామర్రు పెళ్ళిపందిట్లో ఆవిడ ముందుగా ఎలక్ట్రీషియన్ని పట్టుకుని అదనంగా బల్బులు కట్టించారు. నేను బారెడు దూరంలో ఫ్లాష్ ఎత్తి నిలబడ్డాను. “కెమెరా అటుంటే లైటు ఇటేమిటి?” అని మగపెళ్ళివాళ్ళు నవ్వారు. ఆవిడ పట్టించుకోలేదు. “విమలా, ఇటు చూడమ్మా,” అన్నారు. ఆ పిల్ల ఒక్క క్షణం తటపటాయించి తలెత్తింది.

ఆల్బమ్ తీసుకోవడానికి విమల అత్తింటివారితో కలిసి వచ్చింది. మొదటి పేజీ తిప్పింది. పసుపుబట్టల మధ్య తేనెరంగు కళ్ళు మెరుస్తున్నాయి, ఎరుపు జాడే లేదు.

“ఇవి నా కళ్ళేనా అండీ?”

“మరెవరివే!” అన్నారు రాజ్యలక్ష్మిగారు, కొంగుతో తన కళ్ళు ఒత్తుకుంటూ. దెయ్యం కళ్ళన్న పెద్దావిడ ఆల్బమ్ రెండుసార్లు తిరగేసి, జుట్టు సర్దుకుంటూ, “నన్నూ అలాగే ఒకటి తీయండి,” అంది. స్టూడియో అంతా నవ్వులే. విమల అందరికంటే గట్టిగా నవ్వింది.

తర్వాత నేనూ స్టూడియో పెట్టాను, చాలా ముఖాలు తీశాను. ఇవాళ్టికీ ఎవరైనా కుర్చీలో ముడుచుకుని, “నా ముఖం ఫోటోకి పనికిరాదండీ,” అంటే నేను ఒప్పుకోను. లేచి వెళ్ళి లైటు జరుపుతాను.