పక్కింటి అవ్వకు జ్వరం వచ్చిన రోజు

నా చిన్నప్పుడు గుత్తిలో మా ఇల్లు రైలు స్టేషనుకు పోయే దారి మీద ఉండేది. ఇంటి ముందు చప్పరం కింద మా పెద్దమ్మ సంగటి వండి పెట్టేది. దానికి పేరూ లేదు, బోర్డూ లేదు. కంకర కొట్టేవాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు, రైలెక్కడానికి పల్లెల నుంచి నడిచి వచ్చేవాళ్ళు అందరూ దాన్ని సంగటామె ఇల్లు అనేవారు. నాయన కట్టించిన ఇల్లు అలా పెద్దమ్మదైపోయింది. ఆయనకు అది పైకి నవ్వులాటగా, లోపల గర్వంగా ఉండేది.

పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. చిన్న వయసులోనే భర్త పోయాడు. అత్తగారింట్లో ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అందరూ తిన్నాక మిగిలితే పెట్టేవారు, మిగలకపోతే లేదు. ఒక వేసవిలో నాయన వెళ్ళి ఆమెను మా ఇంటికి పిలుచుకొచ్చాడు. వచ్చిన కొత్తలో ఎవరితోనూ మాట్లాడేది కాదట. ముద్ద ముందు పెట్టుకొని, అందరూ తిన్నారా అని అడిగి, తాను తినకుండానే లేచిపోయేదట. అప్పుడు ఆమెను మళ్ళీ మనుషుల్లోకి తెచ్చింది పక్కింటి అవ్వ. వాళ్ళు దూది ఏకి పరుపులు కుట్టే సాయిబులు. మాకూ వాళ్ళకూ మధ్య ఒకటే గోడ. అవ్వ రోజూ వచ్చి పక్కన కూర్చొని, దూదిలో నలుసులు ఏరుకుంటూ, పెద్దమ్మ ముద్ద పూర్తయ్యేదాకా కదిలేది కాదని అమ్మ చెప్పేది. ఇదంతా నాకు ఊహ తెలియకముందు సంగతి.

నాకు బాగా గుర్తున్నది వానలు వరసగా మొహం చాటేసిన కాలం. ఉరవకొండ వైపు శెనక్కాయ చేలు భూమిలోనే మాడిపోయాయి. మూటలు నెత్తిన పెట్టుకొని, పిల్లలను చంకనేసుకొని, జనం పని వెతుక్కుంటూ మా దారినే స్టేషనుకు పోయేవారు. ఒక మధ్యాహ్నం ఒక ముసలామె మా గడప ముందు ఆగి నీళ్ళు అడిగింది. చెంబు ఖాళీ చేసి, లేవబోయి, లేవలేక అక్కడే కూలబడింది. పెద్దమ్మ తన కోసం పెట్టుకున్న ముద్ద తెచ్చి ఆమెకు ఇచ్చింది. ఆమె తింటున్నంత సేపూ ఎదురుగా కూర్చొని చూసింది. ఆ సాయంత్రం నాయనతో, ఈ దారిన పోయేవాళ్ళు కడుపు మాడ్చుకొని పోగూడదు, ఇంటి ముందర పొయ్యి పెడతానని చెప్పింది. ఆమె తనకోసం ఏదైనా అడగడం అదే మొదటిసారి. నాయన మారు మాట్లాడకుండా చప్పరం వేయించాడు.

ఏర్పాటు చాలా సులువైనది. పని దొరికినవాళ్ళు దుడ్లిచ్చి తినేవారు. లేనివాళ్ళు ఊరికే తినేవారు. ఇద్దరికీ ఒకటే ముద్ద, ఒకటే ఊరిబిండి. వేయించిన శెనక్కాయలూ పచ్చిమిరపకాయలూ రోట్లో వేసి అమ్మ నూరే ఆ ఊరిబిండి ఘాటు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అమ్మ నూరేది, అంట్లు కడిగేది, నీళ్ళు మోసేది. సంగటి మాత్రం పెద్దమ్మే కెలికేది. నూకలు ఉడికిన ఎసట్లో రాగిపిండి పోసి, కుండను రెండు పాదాల మధ్య బిగించి, సంగటి కట్టెతో ఆమె కెలుకుతుంటే చూడడానికి ఎంతో బాగుండేది. గడ్డ అనేది ఉండేది కాదు. ముద్ద పళ్ళెంలో పెడితే నున్నగా మెరిసేది. ఆ కట్టె ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు. పొద్దు వాలాక దాన్ని తానే కడిగి, తానే తుడిచి, తన పరుపు పక్కనే ఆనించుకునేది.

ఆ మరుసటేడు ఊరి బయట రోడ్డు పని మొదలైంది. కరువు పని అనేవారు దాన్ని. చుట్టుపక్కల పల్లెల జనమంతా కంకర కొట్టడానికి వచ్చారు. మధ్యాహ్నమయ్యేసరికి మా చప్పరం ముందు వరస రోడ్డు దాకా సాగేది. సగం మంది తినేసరికి కుండ ఖాళీ అయ్యేది. మిగిలినవాళ్ళు కొంచెం సేపు నిలబడి వెనక్కి పోయేవారు.

ఎందుకిలా అవుతున్నదని ఇంట్లో అందరూ ఆలోచించారు. కుండ చిన్నదని నాయన పెద్దది తెచ్చాడు. దాన్ని కెలకడానికి పెద్దమ్మకు బలం చాలలేదు. పాత కుండలోనే రెండోసారి వండుదామనుకుంటే, మొదటిది దించేసరికే ఆమె చేతులు పడిపోయేవి. కట్టెలు తడిగా ఉన్నాయేమోనని కట్టెలు మార్చారు. పొయ్యి గాలికి ఎదురుగా ఉందని పొయ్యి మార్చారు. అమ్మ ఒకటి రెండుసార్లు నెమ్మదిగా, అక్కా నేనొక కుండ కెలుకుతా అని అడిగింది. నీ చేతికి గడ్డలు కడతాది, తిన్నోళ్ళు మళ్ళీ రారు అని పెద్దమ్మ కొట్టిపారేసింది. అమ్మ మళ్ళీ అడగలేదు. చివరికి పెద్దమ్మ ముద్దలు చిన్నవి చేయడం మొదలుపెట్టింది. బరువు పని చేసి వచ్చినవాళ్ళు ఆ చిన్న ముద్ద వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసేవారు. ఆమె తల వంచుకునేది.

ఒకరోజు వరస చివర్లో బిడ్డనెత్తుకున్న ఒక చిన్నామె నిలబడింది. కంకర దుమ్ముతో ఆమె రెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. ఆమె వంతు వచ్చేసరికి కుండ అడుగంటింది. పెద్దమ్మ అడుగున మాడిన చెక్క గోకి బిడ్డ చేతిలో పెట్టింది. ఆ తల్లి సరేనన్నట్టు తల ఊపి, మళ్ళీ కంకర కుప్పల వైపు నడిచిపోయింది. ఆ సాయంత్రం పెద్దమ్మ ఏమీ తినలేదు. గోడకానుకొని కూర్చొని, నా వల్ల కాదు, నెలాఖరుకు పొయ్యి తీసేద్దామని అమ్మతో చెప్పింది. అమ్మ ఏడ్చింది. నాయన బయటికి వెళ్ళిపోయాడు.

గోడ అవతల పక్కింటి అవ్వ అన్నీ విన్నట్టుంది. దీపాలు పెట్టే వేళకు నన్ను పిలిచింది. దూది నలుసులు అంటుకున్న తన చీరకొంగు దులుపుకుంటూ, ఎంతో మామూలుగా చెప్పింది.

“రేపు పొద్దున నాకు జ్వరం వస్తాది. నువ్వు పోయి మీ పెద్దమ్మను పిల్చుకొని రావల్ల. మీ అమ్మకు గూడా చెప్పొద్దు.”

రేపు రాబోయే జ్వరం ఈరోజే ఎలా తెలుస్తుందో నాకు అర్థం కాలేదు. కానీ ఒక పెద్ద మనిషి నాతో రహస్యం పంచుకోవడం అదే మొదలు. ఆ సంతోషంలో నాకు రాత్రి అన్నం కూడా సరిగా ఎక్కలేదు.

పొద్దున పెద్దమ్మ ఎసరు పెట్టిందో లేదో నేను పరుగెత్తుకొచ్చి చెప్పాను. ఆమె ఒక చూపు కుండ వైపు చూసింది. ఇంకెవరి కోసమైనా ఆమె లేచేది కాదు. పక్కింటి అవ్వ కోసం లేచింది. కట్టె అమ్మ చేతిలో పెడుతూ, ఇప్పుడే వస్తానని చెప్పింది.

అవ్వ బొంత కప్పుకొని మూలుగుతోంది. పెద్దమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగానే ఉందంది. లోపల కాగుతాండాదని అవ్వ జవాబిచ్చింది. ఇంట్లో మగవాళ్ళంతా పరుపుల పని మీద పల్లెలకు పోయారు, దగ్గర కూర్చోవడానికి ఎవరూ లేరని చెప్పి పెద్దమ్మ మణికట్టు పట్టుకుంది. ఇక వదల్లేదు. నేను విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. పెద్దమ్మ అటు తిరిగినప్పుడు అవ్వ నన్ను చూసి కన్ను గీటేది. నాకు నవ్వాగక మొహం మోకాళ్ళ మధ్య దాచుకునేదాన్ని.

గోడ అవతలి నుంచి శబ్దాలన్నీ వినిపిస్తున్నాయి. ఎసరు పొంగిన చప్పుడు, పిండి పోసిన చప్పుడు, తర్వాత కట్టె కుండకు తగిలే చప్పుడు. అది పెద్దమ్మ కెలికే తీరు కాదు. ఆగి ఆగి, బెదురుగా సాగుతోంది. పెద్దమ్మ కూర్చున్నచోటే భుజాలు కదుపుతోంది. అట్ల కాదు, ఒక పక్క నుంచి రావల్ల అని తనలో తాను గొణుక్కుంటోంది. లేవబోయింది. అవ్వ మూలిగింది. ఇంకాసేపటికి మళ్ళీ లేవబోయింది. ఈసారి అవ్వ మూలగలేదు. పట్టుకున్న ఆ చేతిని తిప్పి, వాచి ఉన్న మణికట్టు చూపించింది.

“కుండ మార్చినావు, పొయ్యి మార్చినావు, కట్టెలు మార్చినావు. ఈ చెయ్యి ఒకటే కదమ్మా నీకుండేది.”

తన చేతి రుచి కోసమే జనం వస్తున్నారని పెద్దమ్మ అంది. గొంతులో కొంచెం కోపం ఉంది.

“నీ గడపలో కూలబడిందే ఆ ముసలామె, నీ చేతి రుచి తెలిసి వచ్చిందామ్మా? ఆకలై వచ్చింది. నిన్న వెనక్కి పోయినామె గూడా అంతే.”

గోడ అవతల కట్టె చప్పుడు కొంచెం కుదురుకుంది. నేను విసరడం మరిచిపోయాను. చివరికి పెద్దమ్మ నేల వైపు చూస్తూ చెప్పిన మాట, నేను ముసలిదాన్నయ్యాక కూడా ఉన్నట్టుండి చెవిలో పడుతుంటుంది.

“అత్తగారింట్లో నేను యాడ కూర్చున్నా అడ్డమే అవ్వా. పక్కకు లెయ్యి అనేవాళ్ళు. ఈడ పొయ్యి దగ్గర కూర్చుంటే ఎవరూ లెయ్యమనరు. ఆ కట్టె ఇచ్చేస్తే నేనింక యాడ కూర్చోవల్ల?”

పక్కింటి అవ్వ జ్వరం మరిచిపోయి లేచి కూర్చుంది. చేతిని మాత్రం వదల్లేదు.

“నిన్ను లెయ్యమనేవాళ్ళు ఈడ ఎవరున్నారు చెప్పు. పొయ్యి ఉన్నా, లేకపోయినా.”

పెద్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అవ్వ నా చేతిలోని విసనకర్ర తీసుకొని ఆమెకు విసరసాగింది. ఎవరు ఎవరికి సేవ చేయడానికి వచ్చారో ఆ గదిలో ఎవరికీ గుర్తులేదు.

పొద్దు నెత్తి మీదికి వచ్చి, వాలింది. గోడ అవతల జనం మాటలు పెరిగి, తగ్గి, ఆగిపోయాయి. అప్పుడు అవ్వ తనకు నెమ్మదించిందని, ఇంక పొమ్మని చెప్పింది. నేను పెద్దమ్మ కొంగు పట్టుకొని వెంట నడిచాను.

చప్పరం కింద అమ్మ తడి చేతులతో నిలబడి ఉంది. వేటు పడబోతున్న మనిషిలా ఉంది ఆమె మొహం. ఆమె పక్కన, నిన్న వెనక్కి పోయిన చిన్నామె బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకొని పళ్ళేలు తుడుస్తోంది. ఈరోజు ముందుగానే వచ్చి, అమ్మ ఒక్కతే తడబడుతుంటే చూడలేక ముద్దలు చేయడానికి కూర్చుందట. ఒకరు కెలుకుతూ ఒకరు ముద్దలు చేస్తూ రెండుసార్లు వండారట. సంగటి కొంచెం జారుగా ఉందని, అక్కడక్కడా గడ్డలు తగిలాయని కూలీలు నవ్వారట. నవ్వుతూనే తిన్నారట. వెనక్కి పోయినవాళ్ళు ఎవరూ లేరట. అమ్మ ఇదంతా నేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పింది.

కుండలో ఇంకా కొంచెం ఉంది. అమ్మ ఒక ముద్ద చేసి పళ్ళెంలో పెట్టి పెద్దమ్మ ముందుంచింది. ఆ చప్పరం కింద పెద్దమ్మ కూర్చొని ఉండగా ఇంకొకరు వడ్డించడం నేను అంతకుముందు చూడలేదు. ఆమె ముద్ద తుంచింది. ఊరిబిండి అద్దుకొని నోట్లో పెట్టుకుంది. పంటి కింద గడ్డ తగిలినట్టుంది, నమలడం ఆపింది. అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. పెద్దమ్మ మింగింది. నిదానంగా ముద్దంతా తిన్నది.

“రేపు నీళ్ళు కొంచెం తక్కువ పొయ్యి” అంది అమ్మతో.

అమ్మ వంటింట్లోకి పోయి తలుపు వెనక నిలబడి ఏడ్చింది. రేపు అన్న ఆ ఒక్క మాటకే ఏడ్చిందని నాకు చాలా కాలం తర్వాత గానీ తెలియలేదు.

ఆ ఒక్క రోజుతో అంతా చక్కబడిందని చెబితే అబద్ధమవుతుంది. పెద్దమ్మ వారం తిరగకముందే మళ్ళీ కట్టె లాక్కుంది. అమ్మ కెలుకుతుంటే వెనక నిలబడి తప్పులు పట్టేది. ఆ నెలలో పక్కింటి అవ్వకు చాలాసార్లు జ్వరం వచ్చింది. వచ్చినప్పుడల్లా పెద్దమ్మ పోయి కూర్చునేది. అబద్ధమని ఎప్పుడు తెలుసుకుందో తెలియదు. తెలిశాక కూడా పోయి కూర్చునేదని నా అనుమానం. వానలు పడే నాటికి రోడ్డు పని దగ్గర ఇంకో పొయ్యి వెలిగింది. దాన్ని ఆ బిడ్డ తల్లి నడిపింది. ఆ మరుసటేడు, బండ్లు ఆగే చోట మూడోది వెలిగింది. పెద్దమ్మ ఒకచోటి నుంచి ఒకచోటికి నడుస్తూ, పిండి ఎలా విసిరారో చూస్తూ, కొత్తవాళ్ళకు కట్టె పట్టుకోవడం నేర్పుతూ ఉండేది. ఆమె నడకలో అంతకుముందు లేని ధీమా వచ్చింది. కొన్నేళ్ళకు పక్కింటి అవ్వకు నిజంగానే జబ్బు చేసింది. పెద్దమ్మ రోజుల తరబడి ఆ మంచం పక్కనే ఉంది. పొయ్యిల గురించి ఒక్కసారి కూడా అడగలేదు.

పెళ్ళయ్యాక నేను అనంతపురంలో, బడి మానేసిన ఆడపిల్లల కోసం కుట్టుపని నేర్పే చిన్న గది ఒకటి పెట్టాను. చాలా ఏళ్ళు నడిపాను. మొదట్లో ప్రతి రవికా చివరికి నా చేతి మీదుగానే పోవాలనుకునేదాన్ని. పని పేరుకుపోయేది. పిల్లలు ఖాళీగా కూర్చొని కిటికీలోంచి చూసేవారు. మిషన్లు చాలడం లేదని, స్థలం చాలడం లేదని నేనూ అందరితో చెప్పుకున్నాను. ఒకరోజు అలా చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. కత్తెర ఒక పిల్లకిచ్చి, బయట మెట్ల మీదికి పోయి కూర్చున్నాను.

ఇప్పటికీ ఏదైనా ఇరుక్కుపోతే నేను చేసేది అదే. కాసేపు పక్కకు పోయి కూర్చుంటాను. నేను లేకపోతే ఏది ఆగుతుందో, ఏది ఆగదో అక్కడి నుంచే కనిపిస్తుంది. అలా కూర్చోవడం ఈ వయసులో కూడా నాకు సులువు కాలేదు. లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. అప్పుడు మా పెద్దమ్మ గడ్డ తగిలిన ముద్దను మింగిన తీరు తలచుకొని, ఇంకాసేపు అక్కడే కూర్చుంటాను.