అరుణ సొంత గొంతు

అరుణకు కాలు ఒక్కచోట నిలవదు. యాభై మూడేళ్లొచ్చినా సూట్‌కేసు పూర్తిగా ఖాళీ చేసిన రోజు లేదు. మస్కట్, సింగపూర్, లండన్ తెలుగు సంఘాల్లో నాటకాలు, మలేషియా టీవీలో ఏడాదిపాటు ఒక కార్యక్రమం, మధ్యమధ్య హైదరాబాద్ సీరియళ్లు. ఇంత తిరిగినా ఆమెకు కుదురు లేదు. సీరియళ్లలో ముఖం ఆమెది, గొంతు వేరేవాళ్లది.

పటాన్‌చెరు దగ్గర పాశమైలారంలో లింగం అనే ఆయన కూతురామె. గోదావరి వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి టౌన్‌షిప్‌లో నాటకాలాడించే నరసింహమూర్తి, పద్నాలుగేళ్ల అరుణను చూసి ముచ్చటపడ్డాడు. నటన నచ్చింది గానీ మాట నచ్చలేదు. రోజూ సాయంత్రం కూర్చోబెట్టి యాసంతా దులిపేశాడు. పాపం, ప్రేమతోనే చేశాడు, ఈ కథ చెప్తున్న నాకు ఒళ్లు మండేదీ అందుకే. ఆ మాటతోనే ఆమె దేశాలు తిరిగింది. సీరియల్ వాళ్లు మాత్రం, ఏడుపు సీన్లో పాత యాస తొంగిచూస్తోందని డబ్బింగ్ చెప్పించేవాళ్లు. తల్లి పుష్పమ్మ ప్రతిసారీ ఫోన్ చేసి ఆ గొంతు ఎవరిదని అడిగేది.

మొన్న ఎండాకాలం అదృష్టం తలుపు తట్టింది. కొత్త సీరియల్, తెలంగాణ ఊళ్లో సేద్యం చేసుకునే తల్లి పాత్ర, గొంతు కూడా అరుణదే కావాలన్నారు. ఆమె ఎగిరి గంతేసింది. తీరా డబ్బింగ్ రోజున దర్శకుడు మురళీమోహన్ రెండుసార్లు విని తల గోక్కున్నాడు.

"యాస తెచ్చిపెట్టుకున్నట్టుంది మేడమ్" అన్నాడు.

వారం గడువిచ్చాడు. అరుణ ఊరికి పరుగెత్తింది. బయట ఫ్యాక్టరీ గేట్ల దగ్గరంతా వలస కూలీల హిందీయే వినిపిస్తోంది. ఇక తల్లినే పట్టుకుంది. పుష్పమ్మ చిక్కుళ్లు తుంచుతూ ఏమంటే అది అరుణ వెనకాలే అనసాగింది. పొద్దంతా ఓర్చుకుని ముసలామె చేతిలో గిన్నె కింద పెట్టింది.

"ఏందే, నన్ను ఎక్కిరిస్తున్నవా?"

కాదని చెప్పబోయింది అరుణ. ఆ చెప్పడం కూడా నరసింహమూర్తి నేర్పిన మాటలోనే వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయింది.

వారం తర్వాత ఆమె ఎంత ప్రయత్నించినా లాభం లేకపోయింది. గొంతు చెప్పడానికి రమ్యశ్రీ అనే అమ్మాయిని పిలిపించారు. పటాన్‌చెరులో పుట్టి, ఇక్కడి బడిలో చదివి, ఇక్కడి పిల్లలతో ఆడి పెరిగిన పిల్ల. మైకు ముందు నిలబడి ఒక్క టేకులో చెప్పేసింది. బయటికొచ్చి అరుణ కాళ్లకు దండం పెట్టింది. తాతయ్య మీ గురించి ఎప్పుడూ చెప్తుంటారంది. ఎవరా తాతయ్య అంటే, నరసింహమూర్తి. అరుణ ఆ పిల్ల తల నిమిరింది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

మొదటి భాగం వచ్చిన రోజు తల్లీకూతుళ్లు పక్కపక్కనే కూర్చుని చూశారు. పుష్పమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఇన్నేండ్లకు నీ గొంతు ఇన్న బిడ్డా. గిదే గదా నీ మాట."



"ఔనవ్వా" అంది అరుణ.

ఆ వారంలోనే మస్కట్ విమానమెక్కింది.