శంకరవ్వ ఐతారం పోగులు

బెల్లంపల్లి అంగట్లో శంకరవ్వ మొహం మీద "నీ మాంసం మంచిగ లేదు" అన్న మగవాడు ఒకే ఒక్కడు. వాడు ప్రాణాలతోనే బయటపడ్డాడు గానీ ముందుపళ్లు రెండు ఆమె మాంసం కొట్టే మొద్దు దగ్గరే రాలగొట్టుకుని పోయాడు. ఆమె కొట్టింది కత్తితో కాదు, మేక కాలి ఎముకతో. అదీ పోనీలే పాపమని!

వాళ్లు అరె కటికెవాళ్లు; మాంసం కొట్టడం కులవృత్తి, ఇంట్లో మాట్లాడేది మరాఠీ కలిసిన అరె భాష. కరీంనగర్ వైపు నుంచి బొగ్గుబాయిల పనికి జనం తరలివస్తుంటే, ఆ జనం వెంటే శంకరవ్వ మొగుడు లచ్చయ్య కత్తీ మొద్దూ నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఊళ్లో పద్ధతే ఇక్కడా పెట్టాడు. తక్కెడ లేదు, సేర్లు లేవు. ఐతారం, అంటే ఆదివారం, పొద్దున్నే మసీదు ములాన వచ్చి మేక గొంతు కోసి పోయేవాడు. లచ్చయ్య తోలు ఒలిచి, ముక్కలు కొట్టి, టేకాకుల మీద పోగులు పెట్టేవాడు. ప్రతి పోగులోనూ తొడ ఇంత, పక్కటెముక ఇంత, కారిజం ఇంత, పేగుల బోటి ఇంత. కారిజమంటే కాలేయం, మేకలో అందరి కన్నూ దాని మీదే. వచ్చిన వాళ్లు వచ్చిన వరసన తమకు నచ్చిన పోగు ఎత్తుకోవాలి. అందరూ ఎత్తుకున్నాక చివరికి మిగిలిన పోగు, అది ఎలా ఉన్నా సరే, ముక్కలు కొట్టినవాడిది. తన కూరకు చివరి పోగే దిక్కని తెలిసినవాడు ఏ పోగునూ తక్కువ చెయ్యడు కదా! బాయిలోంచి నల్లగా పైకి వచ్చే కార్మికులకు ఈ పద్ధతి మీద తల్లిపాల మీదున్నంత నమ్మకం.

ఈ నమ్మకమే లచ్చయ్య ప్రాణం తీసింది.

అంగడి అవతలి కొసన హనుమండ్లు అని ఇంకొకడు తక్కెడ పెట్టి మాంసం అమ్మేవాడు. వాడి తూకంలో ఎముకే ఎక్కువ. గిరాకి రాకపోతే సరుకు బాగు చేసుకోవాలని ఎవడికైనా తోస్తుంది. వీడికి తోచింది వేరు. ఇద్దరు పైల్వాన్లను మేపి, లచ్చయ్య దగ్గరికి పోయే తోవలో నిలబెట్టాడు. "అటు పోతె కాలు ఇరుగుతది" అని బెదిరించడం వాళ్ల పని. జనం చుట్టూ తిరిగి వేరే తోవన లచ్చయ్య దగ్గరికే పోయారు. ఒక ఐతారం పైల్వాన్లు నేరుగా మొద్దు దగ్గరికే వచ్చి, నడి అంగట్లో, పోగుల నడుమ, లచ్చయ్యను కర్రలతో కొట్టారు. తల పగిలి నెత్తురు టేకాకుల మీద పారింది. మేక నెత్తురేదో మనిషి నెత్తురేదో తెలియలేదు. చుట్టూ నిలబడ్డ గిరాకి అంతా ఉరికింది. మూడో పూటకు లచ్చయ్య చచ్చిపోయాడు. పోలీసులు వచ్చి అడిగితే, చూశానన్న నోరు ఒక్కటీ లేదు. తాగి పడ్డాడని రాసుకుని పోయారు. లచ్చయ్య జన్మలో కల్లు ముట్టిన మనిషి కాదు!

శంకరవ్వ ఏడ్చింది, దినాలు చేసింది. తరువాతి ఐతారం మొగుడి కత్తి తీసుకుని మొద్దు ముందు కూర్చుంది. ఆడది మాంసం కొట్టడమేమిటని కులం వాళ్లే గొణిగారు. "నా పొట్ట నీ అయ్య నింపుతడా?" అని ఒక్క మాట అన్నది. ఆ గొణుగుడు అక్కడికి ఆగిపోయింది.

గిరాకి తలలు వంచుకుని ఒక్కొక్కరే వచ్చారు. వాళ్లను చూస్తే ఆమెకు కడుపు మండిపోయేది. తన మొగుణ్ని వదిలేసి ఉరికినవాళ్లు! వాళ్లను పొద్దంతా తిట్టేది. కోపం ముదిరితే ఇంటి భాషలోకి దిగేది. ఆ అరె మాటలు ఎవరికీ అర్థం కావు గానీ అందరూ రెండడుగులు వెనక్కి జరిగేవాళ్లు. నోరు ఎంత చెడ్డదైనా చెయ్యి మాత్రం లచ్చయ్య చెయ్యే. పోగు మీద పోగు పెట్టి చూసినా వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. బాలింత ఉన్న ఇంటికి అడక్కుండానే కాళ్ల ఎముకలు పంపేది. ఎవడైనా వరసగా రాకపోతే వాడి క్వార్టరు ముందు నిలబడి తలుపు బాదేది. "ఏందిరా, హనుమండ్లు తక్కెట్ల ఎముకలు నాకుతున్నవా?" అని వీధంతా వినబడేలా అరిచేది. వాడు జ్వరంతో పడుంటే అదే నోటితో తిట్టుకుంటూ చారు కాచి పెట్టేది. ఇలా తిడుతూ, పెడుతూ, మొగుడు కూడబెట్టిన గిరాకిని ఒక్కణ్ని కూడా జారిపోనివ్వలేదు. హనుమండ్లు పళ్లు నూరుకుంటూ ఉండిపోయాడు.

అప్పుడు వాడు కొత్త ఎత్తు వేశాడు. ముత్తయ్య అని ఒక మేస్త్రి ఉండేవాడు. బొగ్గు కొట్టే వాళ్లు ముప్ఫైమంది అతని చేతి కింద. మేస్త్రి ఎక్కడ కొంటే వాళ్లూ అక్కడే కొనాలి, లేకపోతే బాయిలో నీళ్లు కారే చోట పని పడుతుంది. హనుమండ్లు అతని ఇంటికి మేక తొడలు ఊరికే పంపడం మొదలుపెట్టాడు.

ముత్తయ్య మీసం తిప్పుకుంటూ శంకరవ్వ మొద్దు దగ్గరికి వచ్చాడు.

"శంకరవ్వా, నేను మేస్త్రిని. కూలోళ్ల పోగు, నా పోగు ఒక్కతీరుగ ఉంటె నాకేం ఇజ్జత్ ఉన్నది చెప్పు? నాకు కారిజం ఎక్కువ వెయ్యాలె. లేకుంటె నేను హనుమండ్లు దిక్కు పోత. నా మనుషులు నా ఎంబడే వస్తరు."

ఇంకెవడైనా అయితే ఆ మీసం సగం ఊడి ఉండేది. శంకరవ్వ చెయ్యి కత్తి మీదకు పోయింది, కానీ అక్కడే ఆగిపోయింది. ముప్ఫైమంది పోతే మేకలో సగం మిగిలిపోతుంది. మిగిలిన మాంసం ఎండకు కుళ్లుతుంది. రెండు మూడు ఐతారాలకే మొద్దు ఎత్తేయాలి. లచ్చయ్యను చంపినవాడు అంగడి నడుమ నిలబడి నవ్వుతాడు. ఆ నవ్వు తలచుకుంటే ఆమెకు ఒళ్లంతా కారం రాసినట్టయింది.

"ఆకు తొడిమె మొద్దు దిక్కు తిరిగి ఉన్న పోగు నీది. జల్ది వచ్చి ఎత్తుకో. ఎవ్వనితోని అనకు" అన్నది గొంతు తగ్గించి. ఆమె గొంతు తగ్గించడం అదే మొదటిసారి.

కారిజం అడుగున పెట్టి, పైన ఎముకలు పరిచేది. ముత్తయ్య అందరికన్నా ముందు వచ్చి ఎత్తుకుని పోయేవాడు. కొన్ని ఐతారాలు ఇలాగే గడిచాయి. మిగతా పోగుల్లో కారిజం గోరంత అయింది. మేక బక్కదని జనం అనుకున్నారు. ఆమెను అనుమానించాలని ఎవరికీ తోచనే లేదు.

ఆ ఐతారం ముత్తయ్య రావడం ఆలస్యమైంది. ముందుగా వచ్చినవాడు మొగిలి. ముత్తయ్య కిందే బొగ్గు కొట్టే మనిషి. అతని పెండ్లాం రాజక్క పచ్చి బాలింత. పోగుల వంక చూసి చూసి సరిగ్గా ఆ పోగు మీదే చెయ్యి వేశాడు.

"అది వద్దు మొగిలీ. పక్కది తీసుకో, మంచిగున్నది" అన్నది శంకరవ్వ.

మొగిలి నవ్వాడు. "నీ పోగుల మంచిది, చెడ్డది ఉంటదా వదినె?"

అప్పుడే ముత్తయ్య ఉరుక్కుంటూ వచ్చి మొగిలి మణికట్టు పట్టుకున్నాడు. "ఇడువురా! అది నాది."

"నీదెట్లయితది మేస్త్రీ? పోగు మీద పేరు రాసున్నదా?"

ముత్తయ్య లాగి చెంప మీద కొట్టాడు. మొగిలి తూలాడు, ఆకు చిరిగింది, పోగు నేల మీద బోర్లా పడింది. ఎముకల కింది నుంచి కారిజం బయటపడింది. మేక కారిజం దాదాపు అంతా అక్కడే ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని చూశారు. తరువాత ముత్తయ్యను చూశారు. తరువాత శంకరవ్వను చూశారు.

"థూ!" అన్నారు ఎవరో. ఇన్నేళ్లలో ఆమెను ఆ మాట అన్నవాళ్లు లేరు.

అంతే, అంగడి రణరంగమైంది. మొగిలి ముత్తయ్య మీసం పట్టి మొహం నేలకేసి కొట్టాడు. ముత్తయ్య మనుషుల్లో కొందరు మేస్త్రికి అడ్డం వచ్చారు, కొందరు ఇదే సందని మేస్త్రినే తన్నారు. ఎన్నాళ్ల కసో! పళ్లు రాలాయి, చొక్కాలు చిరిగాయి, పోగులన్నీ కాళ్ల కింద పడి నలిగాయి. ఈ గోలంతా అవతలి కొస నుంచి చూసి హనుమండ్లు పైల్వాన్లను ఉసిగొల్పాడు. "మొద్దు పలగ్గొట్టుండ్రి. అది మల్ల లేవద్దు."

లచ్చయ్యను కొట్టిన అదే పెద్ద పైల్వాన్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. శంకరవ్వ వంగి ఆకులు ఏరుకుంటోంది. కర్ర ఆమె తల మీదకు లేచింది. ఆ కర్రను ముందుగా చూసినవాడు మొగిలే. ఎగిరి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమె చెవుల పక్కనే వినబడింది. రోజూ ఎముకలు విరగ్గొట్టే మనిషే ఆ చప్పుడుకు ఒణికిపోయింది.

మరుక్షణం కత్తి ఎత్తింది. పైల్వాన్ ముంజేతి మీద ఎముక దాకా దిగేలా ఒక్కటే వేటు వేసింది. కర్ర కింద పడింది. వాడు "అమ్మా" అని బొబ్బపెట్టి, వేలాడే చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. రెండో వేటుకు కత్తి లేపింది. ఏ అరె తిట్లు తిట్టిందో ఎవరికీ తెలియదు, లచ్చయ్య పేరు మాత్రం తెలిసింది. నలుగురు పట్టుకుని ఆపకపోతే ఆ పూట వాడు పోయేవాడే. రెండో పైల్వాన్‌ను జనమే రాళ్లతో తరిమారు. హనుమండ్లు తక్కెడ వదిలేసి ఉరికాడు. ఆ తక్కెడను తొక్కి తొక్కి చప్పటి రేకు చేశారు.

పోలీసులు వచ్చారు. ఈసారి నోళ్లు లేచాయి. ముందు కర్ర లేపింది పైల్వానేనని అంగడంతా చెప్పింది. శంకరవ్వను రాత్రికల్లా వదిలేశారు.

తెల్లారి ఆమె కాళ్ల ఎముకల చారు కాచుకుని మొగిలి క్వార్టరుకు పోయింది. గుమ్మంలో రాజక్క పసిదాన్ని ఎత్తుకుని నిలబడి ఉంది. గిన్నె వంక చూసిందే గానీ చెయ్యి చాపలేదు. లోపల మంచం మీద మొగిలి, చేతికి వెదురుబద్దలు కట్టుకుని పడున్నాడు. బొగ్గు కొట్టే మనిషికి కుడిచెయ్యి పోతే ఇంక ఏముంది!

"నా పానం నిలబెట్టినవు మొగిలీ" అన్నది శంకరవ్వ. ఆమె కళ్లలో నీళ్లు ఆగలేదు.

"గా దెబ్బ నీ కోసం తినలే వదినె" అన్నాడు మొగిలి. "లచ్చన్న పడ్డనాడు గక్కడనే ఉన్న. అందరితోని నేను గూడ ఉరికిన. గప్పటి సంది మనసుల మనసు లేదు. మల్లొకపారి ఉరుకుడు నాతోని కాలే."

శంకరవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఐతారం వస్తవా?" అని అడిగింది.

"వస్త. అందరం వస్తం. హనుమండ్లు దగ్గరికి పోయెటోడు ఒక్కడు లేడు. నీ ఫికర్ అదే అయితె, ఆ ఫికర్ పెట్టుకోకు." మొగిలి గోడ వైపు చూశాడు. "గని పోగులు నువ్వు పెట్టద్దు. మేము పెట్టుకుంటం."

ఇంకెవరైనా ఆ మాట అంటే గిన్నె వాడి మొహాన పగిలేది. శంకరవ్వ దాన్ని గుమ్మం పక్కన పెట్టి వచ్చేసింది.

ఐతారం వచ్చింది. ముత్తయ్య తప్ప అందరూ వచ్చారు. శంకరవ్వ మేకను కొట్టడం అయ్యాక కత్తి తుడిచి, లేచి, మొద్దుకు అవతలగా వెనక్కి తిరిగి నిలబడింది. మొగిలి ఎడమచేత్తో పోగులు పెడుతున్నాడు. రాని పని కదా, ముక్క జారుతోంది, ఆకు మడతపడుతోంది. పక్కవాళ్లు "ఇటు ఇంత, అటు ఇంత" అంటున్నారు. ఆ మాటలను బట్టే ఏ పోగులో తొడ తగ్గిందో, దేంట్లో ఎముక ఎక్కువైందో ఆమెకు చూడకుండానే తెలిసిపోతోంది. సరిచెయ్యాలని చేతులు లాగేస్తున్నాయి. వాటిని కొంగులో చుట్టి బిగించి పట్టుకుంది.

ఆకులు లేచే చప్పుడు ఒక్కొక్కటే వినబడి ఆగిపోయింది. మొగిలి పిలిచాడు.

"అయిపోయింది వదినె. నీ పోగు ఉన్నది, వచ్చి తీసుకో."

అంగడి మొత్తాన్ని హడలగొట్టిన మనిషికి, ఇటు తిరిగి వాళ్ల మొహాలు చూసే ధైర్యం రాలేదు. అందరూ వెళ్లిపోయే దాకా అలాగే నిలబడి ఉంది.