రెండో తాళంచెవి

ఆవిడ పేరు నేను అడగలేదు. రంగంపేటలో టీకి బస్సు ఆగగానే, నా పక్క సీటులో ఉన్న ఆవిడ హోటలు ముందున్న పాత తెల్ల కారును చూసి పళ్లు కొరికింది.

“అది మా నాయన కారన్నా. వేళకు ఆయిలు మార్చి బిడ్డ మాదిరి సాకినాడు. ఆయన పోయినాక మెకానిక్కు వచ్చి, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజను, పికప్పు పోయింది, ఇంక ఘాటు రోడ్డు ఎక్కదు అని నన్ను నమ్మించి, పాత ఇనుము రేటుకు తీసుకున్నాడు. ఇప్పుడు దాన్నే బాడుగకు తిప్పుతా ఉండాడు. అదో, ఆడ కూసోని దోసె తింటా ఉండేది వాడే, సూడు.”

“పోనీలేమ్మా, దేవుడే చూసుకుంటాడు,” అన్నాను.

“దేవుడికెందుకు పని పెట్టేది? రెండో తాళంచెవి నా దగ్గరే ఉండాది,” అని సంచిలోంచి తీసి చూపించి, బస్సు దిగి నేరుగా వెళ్లి కారెక్కింది.

కారు కదలగానే మెకానిక్కు ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చి మా బస్సెక్కి, “తొందరగా పోనీ అన్నా, నా కారు!” అని డ్రైవరు మీద అరిచాడు. భాకరాపేట ఘాటులో మా బస్సు రొప్పుతూ ఎక్కుతుంటే, తెల్ల కారు పై మలుపులో ఒక్కసారి కనిపించి మాయమైంది.

ఆవిడ ఖాళీ చేసిన సీటు మెకానిక్కుకు చూపించి అన్నాను:

“కూసో అప్పా, కంగారెందుకు? రెండు లక్షలు తిరిగిన ఇంజనే గదా, ఘాటు యాడ ఎక్కుతాది!”